ఎకరాకు ఎన్ని బస్తాలు? చైనా పత్రికను ఎవరూ అడగని ప్రశ్న

కాప్రా: తమ పత్రిక గురించి విదేశీ పాఠకులు ఏమనుకుంటున్నారో తెలుసుకోవాలనే ఆసక్తి చైనా పత్రికలకు మొదటి నుంచీ ఎక్కువ. పెకింగ్ నుంచి వెలువడే సచిత్ర మాసపత్రికల్లో పాఠకుల లేఖలకు తప్పనిసరిగా ఒక చోటు వుండేది. ఎక్కడో ఆఫ్రికాలోని బడిపంతులో, లాటిన్ అమెరికాలోని కార్మికుడో, మన దేశంలోని కాలేజీ విద్యార్థో ఒక కాగితం రాసి పంపితే అది నున్నని కాగితం మీద అచ్చయి లోకమంతా తిరిగేది. ఆ లేఖల్లో ఎక్కువ భాగం ఒకే ధోరణిలో నడిచేవి. బొమ్మలు బాగున్నాయి, మీ ప్రజల జీవితం చూసి సంతోషించాం, మీ పిల్లలు ఆరోగ్యంగా వున్నారు, మరిన్ని రంగుల బొమ్మలు వేయండి అని. రాసిన వారి మంచి మనసును శంకించనక్కర్లేదు. కానీ మన కాప్రా, నాచారం, ఉప్పల్ గ్రామాల్లో ఒకప్పుడు చెరువు కింద మడి చేసిన రైతు ఎవరైనా ఆ పత్రిక తిరగేసి వుంటే మొదట అడిగే ప్రశ్న వేరుగా వుండేది. "బొమ్మ సరే, ఎకరాకు ఎన్ని బస్తాలు?" అని అడిగేవాడు.

ఈ ఒక్క ప్రశ్న సమయానికి ఎవరైనా గట్టిగా అడిగి, దానికి నిజమైన జవాబు వచ్చి వుంటే చాలా ప్రాణాలు దక్కేవి. అతిశయోక్తి అనుకునే పాఠకులు కింది లెక్క చూడవచ్చు.

పత్రికలు ఎవరివి

నేటి చైనా జీవితాన్ని పరదేశీయులకు చూపించడం కోసమే పుట్టిన పత్రిక 'చైనా రీకన్‌స్ట్రక్ట్స్'. అంటే చైనా పునర్నిర్మాణం అని చెప్పుకోవచ్చు. చైనా జాతిపితగా పేరొందిన సన్ యట్‌సేన్ భార్య సూంగ్ చింగ్‌లింగ్ 1952 జనవరిలో దీనిని ప్రారంభించారు. మొదట్లో రెండు నెలలకు ఒకసారి ఇంగ్లీషులో వచ్చేది. తరువాత మాసపత్రిక అయింది, ఇతర భాషలకూ పాకింది. ఈమె 1955 డిసెంబరులో మన దేశానికి కూడా వచ్చారు. 1990లో ఈ పత్రిక పేరు 'చైనా టుడే'గా మారింది. దీనికంటే ముందే, 1950లో, నిండా బొమ్మలతో 'చైనా పిక్టోరియల్' మొదలైంది. దానికి హిందీ కూర్పు కూడా వుండేది. రాజకీయ వ్యాసాలతో నిండిన వారపత్రిక 'పెకింగ్ రివ్యూ' 1958 మార్చిలో వచ్చింది.

మన పల్లెల్లో పెద్దవారికి ఇలాంటి పత్రిక అనగానే ముందుగా గుర్తొచ్చేది చైనాది కాదు, రష్యా వారి 'సోవియట్ భూమి'. అది చక్కని తెలుగులో వచ్చేది. చందా తక్కువ, కాగితం మందం. చదివిన తరువాత ఆ కాగితాలు పిల్లల పుస్తకాలకు అట్టలయ్యేవి. ఎంతమంది తెలుగు విద్యార్థుల లెక్కల పుస్తకం మీద మాస్కో నగరం కనిపించేదో చెప్పలేం. చైనా పత్రికలు మాత్రం తెలుగు పాఠకునికి ఎక్కువగా ఇంగ్లీషులోనే అందేవి. అవి కూడా పట్టణాల్లో, పార్టీ పుస్తకశాలల్లో, కొద్దిమంది చందాదారుల ఇళ్లలో. 1962 యుద్ధం తరువాత చైనా పత్రిక ఇంట్లో వుండటమే ఒక అనుమానం అయింది. రెండు దేశాలూ 1976 దాకా ఒకరి దగ్గర మరొకరు రాయబారిని వుంచుకోలేదు. అయినా పత్రిక ఆగలేదు. చేతులు మారి మారి చేరవలసిన చోటికి చేరేది.

1958 నాటి పంట లెక్క

1958 ఆగస్టులో చైనా అధికార దినపత్రిక 'పీపుల్స్ డైలీ' ఒక వార్త వేసింది. హుబే రాష్ట్రంలో మాచెంగ్ అనే తాలూకాలో ఒక సహకార క్షేత్రంలో వరి 'మూ' ఒక్కింటికి 36,900 జిన్‌లు పండిందని ఆ వార్త. దాంతో పాటు ఒక ఫోటో వచ్చింది. పంట ఎంత దట్టంగా వుందంటే పిల్లలు వెన్నుల మీద నిలబడి నవ్వుతున్నారు. ఈ ఫోటో ప్రపంచమంతా ప్రసిద్ధి కెక్కింది.

మూ, జిన్ అన్న కొలతలు మనకు కొత్త. మన లెక్కలోకి మార్చి చూద్దాం. జిన్ అంటే అర కిలో. మూ అంటే మన ఆరున్నర గుంటల కంటే కొంచెం ఎక్కువ. ఎకరాకు ఆరు మూలు అనుకోవచ్చు. ఆ లెక్కన ఎకరాకు పండినది సుమారు 1,120 క్వింటాళ్లు. 75 కిలోల బస్తా చొప్పున 1,490 బస్తాలు. అంటే ఒక్క గుంటలో 37 బస్తాలు! ఇప్పుడు మంచి విత్తనం, ఎరువు, బోరు నీరు అన్నీ కుదిరితే మన రైతు ఎకరాకు 30, 35 బస్తాలు తీస్తే సంతోషిస్తాడు. 1958లో అందులో సగం వస్తేనే గొప్ప. ఆ ఊరివారు గుంటలో తీశామన్నది ఈనాటి మన రైతు ఎకరమంతా తిరిగి కోసే పంటకంటే ఎక్కువ.

సంగతి ఏమిటంటే, చుట్టుపక్కల మడుల్లో కోతకు వచ్చిన పైరును వేళ్లతో సహా పెరికి తెచ్చి ఒకే మడిలో కుక్కారు. పిల్లల కాళ్ల కింద వున్నది వెన్నులు కాదు, పైరులో దాచిపెట్టిన బల్ల అని తరువాత బయటపడింది. ఆ మరుసటి నెలలో మరో రాష్ట్రం నుంచి దీనికి మూడు రెట్లు మించిన అంకె వచ్చింది. ఒక ఊరు ఇంత చెప్పింది కనుక పక్క ఊరు అంతకంటే ఎక్కువ చెప్పాలి. లేకపోతే ఆ ఊరి అధికారి వెనుకబడ్డాడన్న మాట. గాలి పోగు చేయని పైరు రెండు రోజుల్లో వాడి కుళ్లిపోతుందని నాట్లు వేసిన ఏ ఆడమనిషికైనా తెలుసు. తెలిసిన వారెవరూ మాట్లాడలేదు. మాట్లాడితే ఏమవుతుందో వారికి తెలుసు.

ఇది నవ్వి ఊరుకునే విషయం కాదు. పండినదని రాసిన అంకెను బట్టే సర్కారు లెవీ ధాన్యం వసూలు చేసింది. కాగితం మీద పండిన పంటకు నిజమైన గింజలు కట్టవలసి వచ్చింది. విత్తనపు గింజలు కూడా పోయాయి. 1959లో చైనా 40 లక్షల టన్నులకు పైగా ధాన్యం పరదేశాలకు ఎగుమతి చేసింది. అదే సంవత్సరం నుంచి 1961 వరకు పల్లెల్లో జనం ఆకలితో చనిపోయారు. ఎంతమంది అన్న దానిపై పండితుల్లో భేదాభిప్రాయం వుంది. తక్కువ చెప్పేవారు 1.5 కోట్లు అంటారు, ఎక్కువ చెప్పేవారు 4.5 కోట్లు అంటారు. చైనా పాత్రికేయుడు యాంగ్ జిషెంగ్ స్వంత తండ్రి ఆ కరువులోనే చనిపోయాడు. ఆయన ఏళ్ల తరబడి ప్రభుత్వ దస్త్రాలు వెదికి 3.6 కోట్లు అని లెక్క తేల్చాడు. ఆ పుస్తకం 2008లో హాంగ్‌కాంగ్‌లో అచ్చయింది.

ఆ మూడేళ్లలో విదేశీ పాఠకులకు అందిన రంగుల పత్రికల్లో కరువు అన్న మాట లేదు. పెద్ద డ్యాములు, ఊరి ఉమ్మడి వంటశాలలు, నవ్వే పిల్లలు వున్నారు. దూరాన వున్న పాఠకుడు ఎలా కనిపెడతాడు అనవచ్చు. దగ్గరకు వెళ్లినవారూ కనిపెట్టలేదు. మావోను లోకానికి పరిచయం చేసిన అమెరికన్ పాత్రికేయుడు ఎడ్గార్ స్నో 1960లో చైనా అంతా తిరిగి వచ్చాడు. తనకు ఆకలితో మాడేవారు కనిపించలేదని రాశాడు. ఆయన చూసినది ఆయనకు చూపించినదే. ఆర్థిక శాస్త్రవేత్త అమర్త్య సేన్ తరువాత ఒక మాట గట్టిగా చెప్పారు. స్వతంత్ర భారతంలో దరిద్రం వున్నా, అంత పెద్ద కరువు మరణాలు జరగకపోవడానికి ప్రశ్నించే పత్రికలు, ప్రతిపక్షాలు వుండటం ఒక కారణం అని. మన పత్రికల లోపాలు మనకు తెలియనివి కావు. అయినా ఆకలి చావు జరిగితే ఏదో ఒక మూల పేజీలో వార్త వస్తుంది, మరునాడు తాసిల్దారు జీపు ఆ ఊరికి వస్తుంది.

ఢిల్లీ కూడా పాఠకుడే

చైనా పత్రికలు చదివి నమ్మినవారు కాలేజీ కుర్రవాళ్లు మాత్రమే అనుకుంటే పొరపాటు. 1956లో భారత ప్రభుత్వం చైనా వ్యవసాయాన్ని చూసి రమ్మని రెండు ప్రతినిధి బృందాలను పంపింది. ఒకటి సహకార వ్యవసాయం కోసం, ఒకటి సాగు పద్ధతుల కోసం. అక్కడ సహకార క్షేత్రాల వల్ల దిగుబడి పెరిగిందన్న మాట ఢిల్లీలో బాగా చెల్లింది. 1959 జనవరిలో నాగపూర్ కాంగ్రెస్ మహాసభ ఉమ్మడి సహకార వ్యవసాయం దేశ లక్ష్యమని తీర్మానించింది.

దీన్ని ఎదిరించిన వారిలో ముందు నిలిచింది మన తెలుగువాడే. గుంటూరు జిల్లా నిడుబ్రోలు రైతుబిడ్డ ఆచార్య ఎన్.జి. రంగా. గెట్టు చెరిపితే రైతు కూలివాడవుతాడని ఆయన వాదం. ఆ ఏడాదే కాంగ్రెస్ నుంచి బయటికి వచ్చి, రాజాజీతో కలిసి స్వతంత్ర పార్టీ స్థాపనలో పాల్గొని దానికి మొదటి అధ్యక్షుడయ్యారు. రంగా రాజకీయాలన్నీ అందరికీ నచ్చనవసరం లేదు. భూమి లేనివారి సంగతి ఆయన పార్టీ ఎంత పట్టించుకుందన్న ప్రశ్న కూడా వుంది. కానీ చైనాలో లెక్కలు పెరుగుతూ పోతున్న ఆ ఏడాదిలోనే ఒక తెలుగు రైతు నాయకుడు ఆ దారి మనకు వద్దని అన్నాడు. నాగపూర్ తీర్మానం క్రమంగా కాగితానికే పరిమితమైంది.

సంపాదకుడు జైల్లో

చైనా రీకన్‌స్ట్రక్ట్స్ పత్రికకు మొదటి నుంచీ ఆయువుపట్టుగా పనిచేసిన మనిషి ఇజ్రాయెల్ ఎప్‌స్టీన్. పోలండ్‌లోని వార్సాలో 1915లో పుట్టి, చిన్నతనంలోనే తల్లిదండ్రులతో చైనా చేరాడు. సూంగ్ చింగ్‌లింగ్ పిలుపు మీద 1951లో అమెరికా నుంచి తిరిగి వచ్చి పత్రిక పనిలో దిగాడు. 1957లో చైనా పౌరుడయ్యాడు. అంతటి విధేయుణ్ణి సాంస్కృతిక విప్లవ కాలంలో, 1968లో పట్టుకుపోయి జైల్లో పెట్టారు. ఆయన భార్యనూ పెట్టారు. 1973లో విడిచారు. ప్రధాని చౌ ఎన్‌లై అందరి ఎదుట క్షమాపణ చెప్పాడు. 1979లో ఎప్‌స్టీన్ అదే పత్రికకు ప్రధాన సంపాదకుడయ్యాడు. 2005లో చనిపోయేదాకా చైనాను విడువలేదు.

ఆ అయిదేళ్లూ పత్రిక వస్తూనే వుంది. చందాదారులు చదువుతూనే వున్నారు, మీ పత్రిక చాలా బాగుందని లేఖలు రాస్తూనే వున్నారు. పత్రికను తయారుచేసిన మనిషి ఎక్కడ అని అడగాలన్న సంగతి వారికి తెలిసే మార్గం లేదు.

మన తెలుగు పాఠకులు

చైనా రాతలను పత్రికగా కాక దారి చూపే గ్రంథంగా చదివినవారు దేశంలో మొట్టమొదట తెలుగువారే అని చెప్పవచ్చు. 1948లో నల్లగొండ, వరంగల్లు జిల్లాల్లో నిజాం మీద, దొరల మీద సాయుధ పోరాటం సాగుతుండగా, ఆంధ్ర కమ్యూనిస్టు నాయకులు మావో రాసిన 'నూతన ప్రజాస్వామ్యం' ఆధారంగా మనది చైనా దారి అని తమ కేంద్ర నాయకత్వానికి లేఖ రాశారు. చైనాలో విప్లవం ఇంకా గెలవనే లేదు. పార్టీ ప్రధాన కార్యదర్శి రణదివే దీన్ని తీసిపారేశాడు. 1949లో మావోనే తప్పుపడుతూ వ్యాసం రాశాడు. ఆ సంవత్సరం అక్టోబరులో మావో పెకింగ్‌లో అధికారానికి వచ్చాడు.

రెండో విడత మరింత విషాదం. 1967 జూలైలో పీపుల్స్ డైలీ నక్సల్‌బరీ తిరుగుబాటును భారతదేశం మీద వసంత మేఘ గర్జన అని మెచ్చుకుంటూ సంపాదకీయం రాసింది. పెకింగ్ రివ్యూ దాన్ని ఇంగ్లీషులో లోకానికి అందించింది. తరువాత శ్రీకాకుళం గిరిజన పోరాటం వార్తలూ అందులో వచ్చాయి. కొండల్లో దాగిన యువకులకు ఆ కాగితం ఎంత బలం ఇచ్చి వుంటుందో ఊహించవచ్చు. ఇంత పెద్ద దేశం మనల్ని గుర్తించింది అన్న మాట అది. "చైనా చైర్మన్ మా చైర్మన్" అన్న నినాదం గోడల మీదకు ఎక్కింది.

1970 జూలై 10న శ్రీకాకుళ ఉద్యమ నాయకులు వెంపటాపు సత్యనారాయణ, ఆదిభట్ల కైలాసం పోలీసుల చేతిలో మరణించారు. ఆ సంవత్సరమే పార్టీ దూతగా సౌరేన్ బోస్ రహస్యంగా పెకింగ్ వెళ్లాడు. అక్టోబరు నెలాఖరులో చౌ ఎన్‌లై, కాంగ్ షెంగ్ అతనితో మాట్లాడారు. మీరు మా చైర్మన్‌ను మీ చైర్మన్ అనడం తప్పు, రహస్యంగా వ్యక్తులను చంపే పద్ధతి సరికాదు, ప్రజా సంఘాలు లేకుండా పోరాటం సాగదు అని చెప్పారు. పత్రిక మెచ్చుకున్న ఉద్యమాన్ని గురించి, తలుపు మూసుకున్న గదిలో పత్రిక యజమానులు చెప్పిన మాట ఇది. పత్రికలో మాత్రం అచ్చు కాలేదు. ఆ విమర్శ మనవారికి తెలిసే సరికి వినవలసినవారు చాలామంది లేరు. 1972లో విశాఖపట్నం జైలు నుంచి ఆరుగురు నాయకులు ఒక బహిరంగ లేఖ రాసి చైనావారి విమర్శను బయటపెట్టారు. ఆ ఆరుగురిలో చౌదరి తేజేశ్వరరావు, నాగభూషణ పట్నాయక్, కొల్లా వెంకయ్య వున్నారు.

చైనా పత్రికలకు పరదేశీ పాఠకులు రాసిన లేఖలు వేల మీద వుంటాయి. కానీ ఇంత వెల చెల్లించి రాసిన లేఖ మరొకటి వుంటుందని ఈ రచయిత అనుకోడు.

పద్దెనిమిది వేలిముద్రలు

దాజాయ్ అనే కొండ ఊరి పేరు 1960ల్లో, 70ల్లో చైనా పత్రిక తిరగేసిన ప్రతివారికీ తెలుసు. రాళ్లు మోసి, మెట్లు మెట్లుగా మడులు కట్టుకున్న ఊరు. వ్యవసాయంలో దాజాయ్‌ని చూసి నేర్చుకోండి అని 1964లో మావో పిలుపు. ఆ ఊరి రైతు నాయకుడు చెన్ యుంగ్‌క్వై 1975లో దేశానికి ఉపప్రధాని కూడా అయ్యాడు. 1980 నాటికి కథ తిరిగింది. ఆ ఊరు చెప్పిన లెక్కలు పెంచినవని, స్వశక్తి అన్న దానిలో సర్కారు సాయం చాలా వుందని అక్కడి ప్రభుత్వమే ఒప్పుకుంది. రాళ్లు మోసిన కష్టం మాత్రం నిజం.

పత్రికల్లో ఎక్కని ఊరు మరొకటి వుంది. అన్‌హుయీ రాష్ట్రంలో షియావ్‌గాంగ్. కరువులో బాగా దెబ్బతిన్న ప్రాంతం అది. 1978 చలికాలంలో ఆ ఊరిలో 18 మంది రైతులు ఒక ఇంట్లో రాత్రిపూట చేరి, ఉమ్మడి భూమిని ఇంటింటికీ పంచుకుని ఎవరి సాగు వారు చేసుకుందామని కాగితం రాసుకున్నారు. సర్కారు వాటా కట్టిన తరువాత మిగిలినది ఎవరిది వారికే. మనలో ఎవరినైనా జైల్లో పెడితే వారి పిల్లలను మిగతావారు సాకాలి అని కూడా అందులో రాసుకున్నారు. కింద ఎర్రని వేలిముద్రలు. మరుసటి ఏడు ఆ ఊరి పంట కొన్ని రెట్లు పెరిగింది. కొద్ది ఏళ్లలో చైనా అంతటా కమ్యూన్లు పోయి ఇదే పద్ధతి వచ్చింది. ఇరవై ఏళ్లు రంగుల పత్రికలు చెప్పిన దానికి ఆ 18 మంది పెట్టిన వేలిముద్రలే జవాబు. వారు ఏ సంపాదకుడికీ లేఖ రాయలేదు.

మనకు పనికివచ్చినవి

ఇంత చెప్పాక, చైనా పత్రికల్లో చెప్పినదంతా అబద్ధమేనని కొట్టిపారేస్తే అదీ తప్పే. పల్లెటూరి వారికి సూటిగా పనికివచ్చినవి మూడు వున్నాయి.

మొదటిది గోబర్ గ్యాస్. మన ఖాదీ కమిషన్ వారి నమూనాలో పైన ఇనుప డ్రమ్ము వుంటుంది. గ్యాస్ నిండితే లేస్తుంది, వాడితే దిగుతుంది. మంచిదే కాని డ్రమ్ము ఖరీదు ఎక్కువ, నాలుగైదు వర్షాకాలాలకు తుప్పు పడుతుంది. చైనావారు ఇనుము లేకుండా నేలలోనే ఇటుక, సిమెంటుతో గుమ్మటం కట్టారు. 1970ల్లో సెచువాన్ వంటి రాష్ట్రాల్లో లక్షల కొద్దీ కట్టారు. దాన్ని చూసి లక్నోలోని ప్రణాళికా పరిశోధన విభాగం 1978లో 'జనతా' నమూనా తయారు చేసింది. 1984లో 'దీనబంధు' వచ్చింది. దీనబంధులో గుమ్మటం ఇంకా చిన్నగా, గుండ్రంగా చేశారు, ఖర్చు తగ్గింది. మన జిల్లాల్లో కట్టిన గ్యాస్ ప్లాంట్లలో ఎక్కువ ఈ రకమే. అయితే పత్రికలు చెప్పని సంగతి ఒకటి వుంది. చైనాలో తొందరపడి కట్టిన గుమ్మటాలు చాలా భాగం పగుళ్లు వచ్చి గ్యాస్ కారిపోయి మూలబడ్డాయి. ఇటుక కట్టుడులో మేస్త్రీ చేయి తప్పితే అంతే సంగతులు. మన దగ్గర మేస్త్రీలకు ప్రత్యేకంగా శిక్షణ ఇవ్వాలన్న పట్టింపు అందుకే వచ్చింది. పేడ దొరికినంత కాలం, అంటే పశువులు వున్నంత కాలం, ఇది నడిచింది.

రెండవది ఊరి వైద్యుడు. చెప్పులు లేని డాక్టర్లు అని 1968 నుంచి చైనా పత్రికలు తెగ రాశాయి. కొద్ది నెలల శిక్షణతో ఊరి మనిషే ఊరికి వైద్యం చేయడం. వారి సంఖ్య పది లక్షలు దాటింది. 1977 అక్టోబరు 2న మన దేశంలో మొదలైన గ్రామ ఆరోగ్య కార్యకర్తల పథకానికి అదీ ఒక స్ఫూర్తి. మూడు నెలల శిక్షణ, ఒక మందుల సంచి, నెలకు 50 రూపాయలు. ఆ 50 రూపాయలు సరిగా అందేవి కావన్న గొడవ ఆనాటి వారు మరచిపోయి వుండరు. చైనాలో కమ్యూన్ పోగానే వీరికి జీతమిచ్చే వారూ పోయారు. 1985లో ఆ పేరే తీసేశారు. మన పల్లెల్లో ఇప్పుడు తిరుగుతున్న ఆశా కార్యకర్తలు 2005లో మొదలైన గ్రామీణ ఆరోగ్య మిషన్ ద్వారా వచ్చినవారు. వారి జీతం గొడవ కూడా అందరికీ తెలిసినదే.

మూడవది సంకర వరి. యువాన్ లాంగ్‌పింగ్ అనే చైనా శాస్త్రవేత్త చేసిన కృషి వల్ల 1976 నుంచి అక్కడి రైతులు హైబ్రిడ్ వరి పెద్ద ఎత్తున వేశారు. ఈసారి అంకెలు కల్లంలో తూచినవి. మన దేశంలో మొదటి సంకర వరి వంగడాలు 1994లో వచ్చాయి. వాటిలో రెండు, ఎ.పి.హెచ్.ఆర్.-1, ఎ.పి.హెచ్.ఆర్.-2, పశ్చిమ గోదావరి మారుటేరు పరిశోధనా కేంద్రం నుంచి వచ్చినవే. దిగుబడి పెరిగింది. కానీ మన రైతు వెంటనే ఒప్పుకోలేదు. అన్నం మెత్తగా ముద్దవుతున్నది, మిల్లులో నూక ఎక్కువ పోతున్నది, వ్యాపారి ధర తగ్గిస్తున్నాడు, విత్తనం ప్రతి ఏడూ కొనుక్కోవాలి అన్నాడు. ఈ నాలుగు ఫిర్యాదులకూ శాస్త్రవేత్తలు జవాబు వెతకవలసి వచ్చింది. తరువాత వచ్చిన సంకర రకాల్లో గింజ నాణ్యత మీద శ్రద్ధ పెరిగిందంటే దానికి కారణం అన్నం తిని బాగులేదని చెప్పినవారే. మెచ్చుకున్నవారు కాదు.

కాప్రా నుంచి రాస్తే

ఇప్పుడు కాప్రాలో నాటు వేసే మడి దాదాపు లేదు. 1967లో ఇ.సి.ఐ.ఎల్. వచ్చింది. మౌలాలి వైపు అణు ఇంధన కర్మాగారం, బేరింగుల ఫ్యాక్టరీ వచ్చాయి. నాచారం, ఉప్పల్‌లలో పారిశ్రామిక వాడలు లేచాయి. అన్ని జిల్లాల తెలుగువారూ, ఇతర రాష్ట్రాల వారూ ఇక్కడ కాలనీలు కట్టుకున్నారు. గ్రామ పంచాయతీలు మునిసిపాలిటీ అయ్యాయి, 2007లో అది మహానగర పాలక సంస్థలో కలిసింది. 2016లో మేడ్చల్ మల్కాజిగిరి జిల్లాలో కాప్రా మండలమైంది. ఆయకట్టు పోయింది గాని ఊర చెరువు మిగిలింది. మిగిలిన చెరువులోకి వచ్చేది కాలనీల మురుగు, పైన గుర్రపు డెక్క.

చైనా పల్లెల్లోనూ ఇదే జరిగింది. పట్టణాలు పెరిగి ఊళ్లను మింగాయి. మడులు ఫ్యాక్టరీలయ్యాయి. కోట్లమంది రైతుబిడ్డలు పట్టణాల్లో కూలికి చేరారు. అక్కడ పల్లె భూమి ఊరి ఉమ్మడి ఆస్తి. రైతుకు సాగు హక్కే కాని అమ్ముకునే హక్కు లేదు. అందుకే పరిహారం గొడవలు అక్కడ పెద్దవి. ఈ విషయాల్లో మనవారికీ వారికీ మాట్లాడుకోవలసినది చాలా వుంది. రంగుల పత్రికలో బుల్లెట్ రైలు బొమ్మ చూసి భేష్ అనడం తేలిక. ఆ బొమ్మలు ఇప్పుడు పత్రికలో కంటే సెల్‌ఫోన్‌లో ఎక్కువ వస్తున్నాయి. ఊళ్లో రచ్చబండ మీద కూర్చుని చైనా పల్లె వీడియోలు చూసేవారు ఏ ఊరికి పోయినా కనిపిస్తారు. తోట, వెదురు ఇల్లు, కుండలో వంట, అంతా శుభ్రం, అంతా ప్రశాంతం. పంట ఎన్ని బస్తాలన్న మాట అందులోనూ లేదు.

చైనా టుడే ఇప్పటికీ వెలువడుతూనే వుంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు ఇంటికొకరు వున్నారు. కాప్రా నుంచి ఎవరైనా రాయదలిస్తే అడగదగినవి కొన్ని వున్నాయి. ఫ్యాక్టరీకి ఇచ్చిన మడికి ఆ ఊరి రైతుకు మూ ఒక్కింటికి ఎంత కట్టారు? ఎవరి చేతికి కట్టారు, రైతు చేతికా, ఊరి పెద్ద చేతికా? చెరువులోకి మురుగు రాకుండా చేశామని మీరు వేసిన బొమ్మలో ఆ నీరు ఎటు మళ్లించారు, కింది ఊరు ఏది? పట్టణానికి కూలికి పోయిన తల్లిదండ్రుల పిల్లలు ఏ బడిలో చదువుతున్నారు? ముసలివారికి నెలకు ఎంత పింఛను వస్తున్నది? వరి ఎకరాకు ఎన్ని బస్తాలు, ఎవరు తూచారు?